మట్టికోట మీద మైసమ్మ

నెక్కొండ నుంచి వరంగల్ బజారులోని ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేనాటికి యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. నాకప్పుడు పదిహేడేళ్ళు. నోటికి మాత్రం నలభై దాటాయని మా అత్తమ్మ మొదటి వారంలోనే తేల్చేసింది. ముందర కిరాణా దుకాణం, వెనక ఇల్లు. ఇంట్లో అత్తమ్మ, దుకాణం చూసుకునే నా భర్త, నా తోడికోడలు. తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఆమె భర్త, అంటే ఆ ఇంటి పెద్దకొడుకు, నేను వచ్చేనాటికే మిలిట్రీలో ఉన్నాడు.

కోమటింటి పిల్లవాడికి మిలిట్రీ ఏమిటని ఇప్పటికీ అడుగుతారు. తుపాకి పట్టడానికి పోలేదు మహానుభావుడు. సరుకుల గోదాములో తూకాలు చూసే పని. మా మామగారు బతికున్న రోజుల్లో తండ్రీకొడుకులకు మాటామాటా పెరిగిందట. ఆ కోపంలో రైలెక్కాడట, మద్రాసులో ఓడెక్కి మలయా వైపు పోయాడట. ఆయన చేరిన కొద్ది రోజులకే అక్కడ జపాను సైన్యం దిగింది. కోపం చల్లారి ఇంటికి రావలసిన మనిషి సముద్రానికి అవతల ఉండిపోయాడు. ఆ తరువాత ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు.

చాలా రోజులకు కచేరీ నుంచి ఒక జవాను వచ్చి, దుకాణం మెట్ల మీద నిలబడి ఉర్దూలో గడగడా ఏదో చెప్పి పోయాడు. అందులో మా ఆడవాళ్ళకు అందింది ఒకే ఒక్క ముక్క, లాపతా, అంటే పత్తా లేడని. ఆ ముక్క మా ఇంటిని రెండుగా చీల్చింది. అత్తమ్మకు అది చావు కబురు. అక్కకు కాదు. మా వైపు పత్తా లేడంటే ఎక్కడున్నాడో తెలియలేదని, అంతే.

"పత్తా లేనోడు సచ్చినోడెట్లయితడు అత్తమ్మా?" అనేది అక్క. "మొన్న మన బర్రె పత్తా లేదంటిమి. పొద్దూకినంక అదే వచ్చి కొట్టం కాడ నిలవడలేదా?"

"బర్రెకు, నా కొడుక్కు పోలికనా?" అని అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. వంటింట్లో పప్పు మాడుతున్నా ఇద్దరిలో ఒక్కరూ కదిలేవారు కాదు. పోయి దించేది నేనే.

యుద్ధం ముగిసింది. పరకాల వైపు ఒకతను కాలు పోగొట్టుకుని తిరిగొచ్చాడని తెలిసి నా భర్త పోయి అడిగివచ్చాడు. అతను వేరే దేశంలో ఉన్నాడట, మలయా సంగతి తనకేమీ ఎరుక లేదన్నాడట. స్టేషన్లో మిలిట్రీ రైలు ఆగిందని వింటే చాలు, అక్క పెరట్లోకి పోయి మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, వాకిట్లోకి వచ్చి నిలబడేది. వచ్చిన వాళ్ళు వచ్చారు. రాని వాళ్ళ గురించి జనం మాట్లాడటం మానేశారు. అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. అప్పుడే ఆమె నోట ఆ మాట వచ్చింది.

శవం దొరకని మనిషికి మాలో ఒక పద్ధతి ఉంది. దర్భలతో, మోదుగాకులతో మనిషంత బొమ్మ కట్టి, దాన్నే శవం అనుకుని దహనం చేస్తారు. పదోనాడు భార్య పసుపు కుంకుమలు తీసేస్తారు. పత్తా లేనివాడి కోసం పన్నెండేళ్ళు ఎదురుచూశాక చేయవలసిన కర్మ అది. అత్తమ్మ మా అయ్యగారిని, అంటే ఇంటి పురోహితుణ్ణి పిలిపించి అడిగింది. యుద్ధానికి పోయినవాడు గనుక పెద్దలు నిర్ణయించుకుంటే ముందే చేయవచ్చు, కాని భార్య కూడా సరే అనాలి అన్నారు ఆయన. ఆ చివరి మాట అత్తమ్మకు మింగుడు పడలేదు.

"నేను పన్నెండేండ్లు బతుకుతనా?" అని మంచం మీద నుంచే లేచి కూర్చుంది. "నా కొడుకు నీళ్ళు లేక తిరుగుతాండు. కలలకొచ్చి, దూపైతాందమ్మా అంటాండు. నా కండ్లు మూతవడక ముందే వానికిన్ని నీళ్ళు వదలుండ్రి."

"బతికున్నోనికి చితి పేరుస్తరా? నేను సరే అననుగాక అనను" అంది అక్క.

నాకు ఇద్దరి మీదా కోపమే వచ్చేది. ఇద్దరూ ఒక్క మనిషి కోసమే ఏడుస్తున్నారు, ఒకరి ఏడుపు ఒకరికి గిట్టదు. నా భర్తకైతే నోరే లేదు. చితికి నిప్పు పెట్టవలసింది తమ్ముడే గనుక, ఆ మాట వచ్చినప్పుడల్లా దుకాణంలోకి పోయి ఎవరూ కొనని బస్తాలు సర్దుతూ కూర్చునేవాడు.

అక్కకు మిగిలిన ఆధారం ఒక్కటే, మట్టికోట మీది కట్టమైసమ్మ.

మా వరంగల్ కోటకు లోపల రాతిగోడ, దాని చుట్టూ చాలా దూరాన మట్టిగోడ, అదే మట్టికోట. రాతిగోడను, నల్లరాతి కమాన్లను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. మట్టిగోడను ఎవరూ చూసేవారు కాదు. గోడ అని పేరే గాని అది చెరువుకట్టలా ఉండేది, కాకపోతే అంతకన్నా ఎత్తు, అంతకన్నా వెడల్పు. ఎన్ని వందల ఏళ్ళ వానలు పడ్డాయో, మీద అంతా అడవి మొలిచింది. సీతాఫలం, పరికికంప, బలుసు, మోదుగ. మేకలవాళ్ళు, కట్టెలకు పోయే ఆడవాళ్ళు నడిచి నడిచి మధ్యన ఒక సన్నబాట పడింది. మంగళవారం మంగళవారం అక్క, నేను తెల్లవారంగనే బయల్దేరి, రైలుపట్టాలు దాటి, అగడ్త పక్కనుంచి పోయి, గోడ తెగిన చోట చెట్ల వేళ్ళు పట్టుకుని పైకెక్కేవాళ్ళం. మొదట్లో నన్ను అత్తమ్మ కాపలాగా పంపింది. తరువాత నేనే ఎదురుచూసేదాన్ని. ఇంట్లో ఆ ఇద్దరి మౌనం భరించడం కన్నా కంపలు గీరుకోవడం నయం.

ఆ బాటలో అడుగడుగునా పాత యుద్ధాలు కాలికి తగిలేవి. కూలిన బురుజు రాళ్ళ మధ్య నుంచి సీతాఫలం చెట్లు లేచాయి. పైకప్పు లేని కాపలా గదిలో మేకలు పడుకునేవి. గుండ్రంగా చెక్కిన రాతిగుండ్లు కొన్ని సగం మట్టిలో, కొన్ని ఆకుల కింద. ఏ సైన్యం ఎవరి మీద విసిరిందో ఏమో. కట్టెలవాళ్ళు వాటిని భీముడు ఆడుకుని పారేసిన గోలీలు అనేవారు. భీముడి సంగతేమిటో చూద్దామని ఒకదాన్ని కాలితో దొర్లించబోయి బొటనవేలు చితకగొట్టుకున్నాను. కుంటుకుంటూ నడుస్తుంటే అక్క నవ్వింది. "నీ తిక్క గుండుకు గూడ ఎరుకైంది చెల్లె."

ఇంట్లో నవ్వని మనిషి ఆ చెట్లలోకి రాగానే నవ్వేది. తన భర్త గురించి చెప్పేది. తక్కెడ ఎత్తినప్పుడు నాలుక కొస బయటపెట్టేవాడట. పులుసు చల్లారితే ముట్టేవాడు కాదట. అలిగితే అన్నం మానడు గాని, తిన్నంతసేపూ గోడవైపు తిరిగి తింటాడట. "గంత అలిగినా కంచం కాళీ జేసేటోడు మీ బావ" అని కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వేది. ఎన్నడూ చూడని మనిషి నాకు అలా దగ్గరి చుట్టమయ్యాడు. బాట నడుస్తున్నంతసేపూ ఆయన బతికే ఉండేవాడు.

మైసమ్మ బురుజు దాటాక రేలచెట్టు కింద ఉండేది. నడుము ఎత్తు రాయి. పసుపు, నూనె, కుంకుమ తరతరాలుగా మెత్తి మెత్తి మొహం ఎక్కడో తెలియకుండా పోయింది. తలకు ఒక పక్కగా పెద్ద కొప్పు, మెడలో పేటలు, పైకెత్తిన ఒక చెయ్యి, అవి మాత్రం ఆనవాలు పట్టవచ్చు. చెరువుకట్టల మీద కాపలా ఉండే తల్లి కట్టమైసమ్మ. గోడ చూస్తే కట్టలాగే ఉంది, మీద ఒంటరి రాయి ఉంది, రాయికి కొప్పుంది. ఇంకేం కావాలి మా వాళ్ళకు? రవికగుడ్డ చుట్టి, పచ్చ గాజులు ముందర పెట్టి మొక్కేవారు. అక్క మొక్కు చిన్నది. "నీకు గాజులు వెడత తల్లీ, నా గాజులు నిలుపు." అంతే అనేది, రాయికి తల ఆనించి చాలాసేపు ఉండేది. నేను అటు చూడలేక సీతాఫలాలు తెంపేదాన్ని.

ఆ యేడు వానలు వెనకబట్టాక ఒక మంగళవారం పోయేసరికి రేలచెట్టు కింద ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు. ఇద్దరు కూలీలు అగడ్త నీళ్ళు కుండలతో తెచ్చి రాయి మీద పోస్తూ కొబ్బరిపీచుతో రుద్దుతున్నారు. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన పక్కన నిలబడి చూస్తున్నాడు. రవికగుడ్డ కంప మీద ఆరేసి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఎవలయ్యా మీరు? మా మైసమ్మను బట్టలుతికినట్టు ఉతుకుతాన్రు? చేతులు పడిపోతయ్ చూస్కోండ్రి!"

కూలీలు భయపడి ఆగారు. పెద్దమనిషి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పాత కట్టడాలు చూసుకునే సర్కారు మనిషినని, హైదరాబాదు నుంచి వచ్చానని చెప్పాడు. "కోపగించుకోకమ్మా. నూనె పేరుకుని లోపలి చెక్కడం పాడవుతోంది. ఒక్కసారి కడిగి చూసి రాయిని మీకే వదిలేసి పోతాం" అన్నాడు నెమ్మదిగా. అంత నెమ్మదిగా మాట్లాడేవాడితో నేను కొట్లాడలేను. మూతి తిప్పుకుని నిలబడ్డాను. కూలీ ఇంకో కుండ కుమ్మరించాడు. పసుపు ముద్దగా జారిపోయింది. రాతి మొహం బయటపడింది.

మీసాలు. కొసలు పైకి తిరిగిన కోరమీసాలు.

"ఓసి నా తల్లో! మైసమ్మకు మీసాలు!" అని నేను పడీ పడీ నవ్వాను. కూలీలు కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అక్క వైపు తిరిగి చూశాను. ఆమె నవ్వడం లేదు. గాజుల పొట్లం గుండెకు అదుముకుని ఆ మీసాల వైపే చూస్తోంది.

"ఇది అమ్మవారు కాదమ్మా. వీరగల్లు అంటారు" అన్నాడు పెద్దమనిషి. ఆ కాలపు బంట్లు కూడా కొప్పు పెట్టేవారట, పేటలు వేసుకునేవారట. పైకెత్తిన చేతిలో ఉన్నది విరిగిపోయిన కత్తి. రాయి పైభాగంలో ఇద్దరు ఆడవాళ్ళు ఒక మగవాణ్ణి చెరో రెక్కా పట్టుకుని ఎత్తుకుపోతున్నారు. యుద్ధంలో పోయినవాణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్నట్టు అని చెప్పాడు.

"అంటె ఈన సచ్చినోడా?" అంది అక్క.

"అవునమ్మా. పోరులో చచ్చినవాడికే ఈ రాయి పెడతారు."

ఇన్నేళ్ళుగా భర్త ప్రాణం నిలుపమని ఆమె ఎవరిని అడిగిందో నాకు అప్పుడు తలకెక్కింది. పద పోదామని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

"ఈన పేరేంది సారూ?"

"పేరు చెక్కలేదు."

"ఏ ఊరాయన?"

"తెలియదమ్మా. ఈ కోటను కాసినవాడో, కోట మీదికి వచ్చినవాడో కూడా చెప్పలేం."

"పెండ్లాం పిల్లలుంటరు గద. వాళ్ళకు ఎరుకైందా, ఈడ సచ్చిండని?"

పెద్దమనిషి టోపీ చేతులు మార్చుకున్నాడు. "దూరదేశం వాడైతే తెలిసి ఉండదు. ఆ రోజుల్లో కబురు ఎవరు తీసుకుపోతారు?"

"అంటె లాపతా" అంది అక్క.

ఆయన తల వంచుకున్నాడు. మా ఇంటి సంగతి ఆయనకేం తెలుసు? అయినా ఆమె గొంతు విని ఏదో అర్థమై ఉంటుంది. అక్క వంగి, తెచ్చిన పసుపు చేతిలో కలుపుకుని, ఆ కడిగిన మొహానికి, మీసాలకు మెల్లగా రాయడం మొదలుపెట్టింది. పొద్దుటినుంచీ పడిన కష్టమంతా పోతోందని పెద్దమనిషి చెయ్యెత్తాడు. మళ్ళీ తనే దించుకున్నాడు.

"రాయనియ్యి సారూ" అంది అక్క రాస్తూనే. "ఈన ఆడది గాదని ఇయ్యాల ఎరుకైంది. ఎరుక లేని నాడు గూడ గిన్ని తరాల సంది ఆడోళ్ళు పసుపు రాసిర్రు, నీళ్ళు పోసిర్రు. పెండ్లాం చేతి నీళ్ళు రాసిపెట్టి లేకపాయె. మా చేతులన్న దొరికినయి."

గాజులు మాత్రం పెట్టలేదు. మగవాడికి గాజులేమిటని పొట్లం మళ్ళీ కొంగున ముడివేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క ముందు, నేను వెనక. భర్త ముచ్చట్లు లేవు, నవ్వు లేదు. నోరు మూసుకోవడం నాకు చేతకాదు గనుక నేనే ఏదో వాగుతున్నాను. టోపీవాణ్ణి తిట్టాను, వేరే మైసమ్మను చూద్దామన్నాను, భద్రకాళికి మొక్కుకుందామన్నాను. గోడ తెగిన చోటికి వచ్చాక అక్క ఆగింది. వెనక్కి తిరగలేదు.

"చెల్లె, మీ బావ పడ్డకాడ గూడ ఎవరన్న ఆడోళ్ళు ఉంటరు గద?"

ఆమె కొంగున ఉన్న గాజుల ముడి తడుముకుంది.

"పేరు తెల్వదు, భాష తెల్వదు. ఏ దేవుడో అనుకోని, ఇన్ని నీళ్ళు పోస్తరు గద? పొరపాటునన్న పోస్తరు గద?"

పడ్డకాడ. అన్నేళ్ళలో ఆమె నోటినుంచి ఆయన గురించి ఆ మాట రాలేదు. అత్తమ్మ ఏడ్చి, తిట్టి, అన్నం మాని కూడా అనిపించలేని మాటను ఆమె తనంతట తనే అనేసింది, అన్నానని తనకే తెలిసినట్టు లేదు. ఆ దేశంలో ఆడవాళ్ళు ఏం చేస్తారో నాకేం తెలుసు?

"పోస్తరక్కా" అన్నాను. "ఎందుకు పోయరు?"

వేళ్ళు పట్టుకుని కిందికి దిగాం. ఇంటికి రాగానే ఆమె కాళ్ళు కడుక్కుని నేరుగా అత్తమ్మ మంచం దగ్గరికి పోయింది. కాళ్ళ దగ్గర కూర్చుంది. "అత్తమ్మా, అయ్యగారికి కబురు వంపుండ్రి. నేను సరే అంటాన" అంది.

ఇంతకాలం ఆ మాట కోసమే పోరాడిన మనిషి కదా, ఇప్పుడైనా స్థిమితపడుతుందనుకున్నాను. అత్తమ్మ కొంతసేపు అర్థంకానట్టు చూసింది. తరువాత అక్క రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"నువ్వు గూడ గట్లనే అంటానవా బిడ్డా? నువ్వు గూడనా? అయితె ఇగ నా కొడుకు రాడా?"

అప్పుడు అర్థమైంది నాకు. నీళ్ళు వదలండి, వదలండి అని ఏడ్చిన ఆ ముసలి ప్రాణం కూడా లోపల ఎక్కడో అక్క మొండితనాన్ని పట్టుకునే వేలాడుతూ వచ్చింది. ఆ కోడలు కాదంటున్నంతకాలం కొడుకు బతికే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు. నేను దుకాణంలోకి పోయి నా భర్తను పిలిచాను. ఆయన బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే విన్నాడు.

మోదుగాకులు కూలివాళ్ళతో తెప్పిస్తామంటే అక్క వద్దంది. మేమిద్దరమే మళ్ళీ మట్టికోట ఎక్కాం. పురుగు తొలిచిన ఆకు, అంచు చిరిగిన ఆకు, ఎండకు మాడిన ఆకు, ఏదీ ఆమెకు పనికి రాలేదు. ఎట్లాగూ కాల్చేదే గదా అని నా నోటిదాకా వచ్చింది. ఆ ఒక్కరోజు నా నోరు నా మాట విన్నది. ఆమె కొమ్మ కొమ్మ దగ్గరా నిలబడి, పెళ్ళికొడుకుకు బట్టలు ఏరినట్టు ఏరింది.

మరునాడు పొద్దున అయ్యగారు మా వాకిట్లో చాప పరిచి బొమ్మ కట్టారు. తలకు కొబ్బరికాయ, ఒళ్ళంతా దర్భ, మోదుగాకు, పైన నూలు దారం. మీద కొత్త ధోవతి కప్పబోయారు. నా భర్త తల స్నానం చేసి తడిబట్టలతో వణుకుతూ నిలబడ్డాడు. అత్తమ్మను పట్టుకుని గడపలో కూర్చోబెట్టాం. చివరిచూపు చూసుకొమ్మని అక్కను ముందుకు పిలిచారు. పదోనాటి దాకా నిలుపుకొమ్మన్న గాజులు చేతికి నిండుగా ఉన్నాయి, మొహం నిండా పసుపు. బొమ్మ మీద పడి ఏడుస్తుందని అందరం పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాం.

ఆమె ఏడవలేదు. చాప పక్కన కూర్చుని బొమ్మ కాళ్ళ వైపు చూసింది.

"అయ్యగారూ, మా ఆయన గింత పొడుగు లేడు" అంది. "నాకన్న నాలుగు వేళ్ళే ఎక్కువ."

అయ్యగారు తలెత్తి ఆమె మొహం చూశారు. ధోవతి పక్కన పెట్టి, కాళ్ళ దగ్గరి దారం విప్పి, కొన్ని ఆకులు తీసి, దర్భలు మడిచి మళ్ళీ కట్టారు. అక్క ముందుకు వంగి, కొబ్బరికాయ నుంచి పాదాల దాకా ఒకసారి పారచూసింది.

"ఆఁ" అంది. "గిప్పుడు మా ఆయనే."